లారీ ఎక్కి వచ్చే చేపలు

పిల్లలూ! చేప నీటిలో పుట్టి, నీటిలో పెరిగి, నీటిలోనే తిరుగుతుందని మీకందరికీ తెలుసు. కాని చేపలు లారీ ఎక్కి, కొండదారుల వెంట గంటల తరబడి ప్రయాణం చేసి, బకెట్లలోంచి వాగులోకి దిగుతాయని ఎవరైనా చెబితే మీరు నమ్ముతారా? "చాలులే, కోతలు కొయ్యకు!" అంటారు. అయితే ఇది కట్టుకథ కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఏటా లక్షలాది చేపలు ఇలాగే ప్రయాణం చేస్తాయి. కొన్ని చేపలైతే ఏకంగా విమానంలోంచే సరస్సులోకి దూకుతాయి.

ఆ చేప పేరు ట్రౌట్. దానికి ఈ రాజభోగం ఎందుకు జరుగుతున్నది? ఎవరు జరిపిస్తున్నారు? దానివల్ల వాగులకు మేలు కలుగుతున్నదా, కీడు కలుగుతున్నదా? ఈ చివరి ప్రశ్న మీద పెద్దలే చాలాకాలంగా వాదించుకుంటున్నారు. ముందు సంగతులన్నీ తెలుసుకుందాం. తరవాత తీర్పు మీరే చెప్పవచ్చు.

ఏప్రిల్ మొదటి శనివారం

అమెరికా తూర్పు భాగంలో పెన్సిల్వేనియా అనే రాష్ట్రం ఉన్నది. మనకు ఏప్రిల్ వచ్చిందంటే ఎండలు ముదురుతాయి, బావులలో నీళ్ళు అడుగుకు పోతాయి. అక్కడ అలా కాదు. అప్పుడే చలికాలం సెలవు తీసుకుంటూ ఉంటుంది. కొండల మీది మంచు కరిగి వాగులు నిండుగా పారుతాయి. మోడులై ఉన్న చెట్లు చిగుళ్ళు వేస్తాయి.

ఏప్రిల్ మొదటి శనివారం నాడు జనం తెల్లవారకముందే గాలాలు పట్టుకుని వాగుల గట్లకు చేరుకుంటారు. తాతలు, తండ్రులు, తల్లులు, మీ ఈడు పిల్లలు గట్టు పొడుగునా బారులు తీరి నిలబడతారు. కాని ఒక్కరూ గాలం వెయ్యరు! అందరూ గడియారాలకేసి చూస్తూ ఉంటారు. సరిగ్గా ఉదయం 8 గంటలు కాగానే గాలాలన్నీ ఒక్కసారిగా నీటిలో పడతాయి. ఆ క్షణంతో వసంతకాలపు ట్రౌట్ వేట మొదలయినట్టు లెక్క.

ఈ వేటకు కట్టుబాట్లు కూడా ఉన్నాయి. ఆ రోజులలో ఒక మనిషి రోజుకు 5 ట్రౌట్‌లకు మించి ఇంటికి తీసుకుపోరాదు. 7 అంగుళాలకన్న పొట్టి చేప గాలానికి తగిలితే తిరిగి నీటిలో వదిలివెయ్యాలి. 16 ఏళ్ళు నిండినవాళ్ళు డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవాలి. ట్రౌట్ పట్టాలంటే దానిపైన ఇంకొక పర్మిట్టు కూడా కొనుక్కోవాలి. ఈ డబ్బుతోనే చేపల శాఖ నడుస్తుంది. అంతేకాదు, 1950లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టం చేసి, గాలపు కర్రలు మొదలైన సామాను మీద వచ్చే పన్నును చేపల సంరక్షణకే ఖర్చుపెట్టే ఏర్పాటు చేసింది. అంటే చేపలు పట్టేవాళ్ళే చేపల పోషణకు డబ్బు ఇస్తున్నారన్నమాట.

ఒక్క పెన్సిల్వేనియాలోనే ఏటా 30 లక్షలకు పైగా ట్రౌట్ చేపలను వాగులలోనూ సరస్సులలోనూ వదులుతారు. ఇవి వేలెడంత పిల్లలు కావు. సగటున 11 అంగుళాల పొడవున ఎదిగిన చేపలు. ఇన్ని చేపలు వదలవలసిన అవసరం ఏమొచ్చింది? వాగులో చేపలు వాటంతట అవే పుట్టవా? ఈ సంగతి తెలియాలంటే ముందు ట్రౌట్ స్వభావం తెలియాలి.

చల్లని నీళ్ళు కావాలి

మన బొచ్చె, శీలావతి చేపలు వెచ్చని చెరువు నీటిలో హాయిగా బతుకుతాయి. కొర్రమీనుకు బురద అయినా ఫరవాలేదు. ట్రౌట్ అలా కాదు, మహా సుకుమారి. దానికి నీరు చల్లగా ఉండాలి, తేటగా ఉండాలి, రాళ్ళ మీదుగా గలగలా పారుతూ ఉండాలి. నీటి ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటితే దానికి ఉక్కిరిబిక్కిరి అవుతుంది. 25 దాటి అలాగే ఉంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఎందుకలాగ? చేపలు మొప్పలతో నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును పీల్చుకుంటాయి. నీరు చల్లగా ఉన్నకొద్దీ అందులో ప్రాణవాయువు ఎక్కువగా కరుగుతుంది. 10 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టి ఉంచగలదు. 30 డిగ్రీల నీరు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి పట్టి ఉంచలేదు. మీరు గోళీసోడా తాగి ఉంటారు గదా? చల్లని సోడా కొడితే చాలాసేపు బుడగలు వస్తాయి. ఎండలో పెట్టిన సోడా కొడితే గాలి అంతా ఒక్కసారిగా బుస్సున పోయి, మిగిలేది చప్పిడి నీళ్ళే. ఇదీ అలాంటిదే. పైగా నీరు వెచ్చనైనకొద్దీ చేప ఒంట్లో పని వేగం హెచ్చి, దానికి ఇంకా ఎక్కువ ప్రాణవాయువు కావలసి వస్తుంది. రాబడి తగ్గినప్పుడే ఖర్చు పెరిగిందన్నమాట!

పెన్సిల్వేనియా వాగులలో అనాదిగా ఉన్న ట్రౌట్ ఒక్కటే. దాని పేరు బ్రూక్ ట్రౌట్. బ్రూక్ అంటే చిన్న వాగు. దాని వీపు మీద మెలికలు తిరిగిన గీతలు, పక్కల ఎర్రని చుక్కలు, పొట్ట కింది రెక్కల అంచుకు సున్నం పూసినట్టు తెల్లని గీత ఉంటాయి. శరత్కాలంలో ఆడచేప తోకతో గులకరాళ్ళను కొట్టి చిన్న గుంట చేసి, అందులో గుడ్లు పెట్టి, మళ్ళీ గులకరాళ్ళు కప్పుతుంది. రాళ్ళ సందులలోంచి చల్లని నీరు పారుతూ ఉంటేనే గుడ్లు బతుకుతాయి. మట్టి కొట్టుకువచ్చి సందులు మూసుకుపోతే గుడ్లకు ఊపిరి ఆడదు. అవి చచ్చిపోతాయి.

వాగులు ఎందుకు ఖాళీ అయినాయి?

పందొమ్మిదవ శతాబ్దంలో పెన్సిల్వేనియా కొండల నిండా హెమ్లాక్ అనే పెద్ద చెట్ల అడవులు ఉండేవి. మన దేశంలో తోళ్ళు పదును చెయ్యటానికి తంగేడు చెక్క వాడినట్టే, అక్కడ హెమ్లాక్ బెరడు వాడేవారు. బెరడు కోసం కొన్ని, కలప కోసం కొన్ని చొప్పున చెట్లు పడగొడుతూ పోయారు. ఆ శతాబ్దం ముగిసి కొంతకాలం అయేసరికి కొండలు బోడి గుండ్లయినాయి.

చెట్లు పోతే చేపలకేం నష్టం అంటారా? చూడండి: చెట్ల నీడ పోయింది కనక వాగు నీరు ఎండకు వేడెక్కింది. వేళ్ళ పట్టు పోయింది కనక వానకు కొండమట్టి జారి వాగులో పడింది. గుడ్లు పెట్టే గులకరాళ్ళు మట్టిలో కూరుకుపోయినాయి. తోళ్ళ కార్ఖానాల మురికి, రంపపు మిల్లుల పొట్టు కూడా వాగుల్లోకే వచ్చాయి. బొగ్గు గనులు ఉన్న చోట ఇంకొక చిక్కు వచ్చింది. గనుల్లో ఊరిన నీరు పులుపెక్కి ఆమ్లంగా మారి, తుప్పురంగున బయటికి వచ్చి వాగుల్లో కలిసింది. అటువంటి వాగులో చేప మాట అటుంచి, చేప తినే పురుగు కూడా బతకదు.

జనం వాగులు ఖాళీ కావటం చూశారు. "చేపలు లేకపోతే ఏం? మనమే పుట్టించి వదులుదాం!" అనుకున్నారు.

గుడ్ల రహస్యం

చేపలను మనిషి పుట్టించగలడా? ఈ రహస్యం కనిపెట్టినవాళ్ళలో మొదటివాడు జర్మనీకి చెందిన జకోబీ. ఆయన ఆడ ట్రౌట్ గుడ్లనూ, మగచేప పొట్టలోని పాలవంటి ద్రవాన్నీ కలిపి పిల్లలు పుట్టించి, ఆ సంగతి 1763లో ఒక పత్రికలో ప్రకటించాడు. కాని అప్పట్లో దాన్ని ఎక్కువమంది పట్టించుకోలేదు. దాదాపు 80 ఏళ్ళ తరవాత ఫ్రాన్సు దేశంలో లా బ్రెస్ అనే కొండ ఊరిలో జోసెఫ్ రెమీ అనే పేద జాలరి, తన వాగులలో ట్రౌట్ తగ్గిపోతున్నదని దిగులుపడి, అవి గుడ్లు పెట్టే తీరును రాత్రులు మేలుకుని కనిపెట్టి, తనంతట తానే అదే పద్ధతిని మళ్ళీ కనుక్కున్నాడు. పండితులు మరిచిన దాన్ని పామరుడు తిరిగి సాధించాడు. 1852లో ఫ్రెంచి ప్రభుత్వం యునింగ్ అనే చోట పెద్ద హేచరీ కట్టించటానికి ఈ జాలరి పనే ప్రేరణ అయింది.

అమెరికాలో ఈ పనికి ఆద్యులలో ఒకడు సెత్ గ్రీన్. ఈయన 1817లో పుట్టాడు. ఈయన కూడా చేపలు పట్టి అమ్ముకునేవాడే. కుర్రతనంలో కెనడాలోని ఒక వాగు ఒడ్డున చెట్టెక్కి కూచుని, సాల్మన్ చేపలు గుడ్లు పెట్టటం ఓపికగా చూశాడని చెబుతారు. 1864లో ఆయన న్యూయార్కు రాష్ట్రంలో కలెడోనియా అనే ఊళ్ళో హేచరీ పెట్టాడు. అది నేటికీ పనిచేస్తున్నది.

సెత్ గ్రీన్ ఒక వింత గమనించాడు. గుడ్లనూ, మగచేప ద్రవాన్నీ నీటిలో కలిపితే చాలా గుడ్లు వట్టిపోయేవి. నీరు తగ్గించినకొద్దీ ఎక్కువ గుడ్లు పిల్లలయేవి! రష్యాలో వ్రాస్కీ అనే ఆయన 1850లలోనే ఈ సంగతి కనిపెట్టాడు. దీనికి కారణం ఉన్నది. ట్రౌట్ గుడ్డుకు ఒక సూదిబెజ్జం ఉంటుంది. మగకణం ఆ బెజ్జంలోంచే లోపలికి పోవాలి. గుడ్డు నీటిలో పడగానే ఉబ్బి, కొద్దిసేపట్లో ఆ బెజ్జం పనికిరాకుండా పోతుంది. మగకణాలు కూడా నీటిలో నిమిషం లోపలే శక్తి ఉడిగిపోతాయి. అందుచేత ముందు పొడి గిన్నెలో రెండూ కలిపి, తరవాతనే నీళ్ళు చేర్చాలి. ఈ చిన్న కిటుకుతోనే లక్షలాది చేపలు పుడుతున్నాయి.

హేచరీలో ఏం జరుగుతుంది?

హేచరీలకు నీటి ఊటల దగ్గర చోటు వెతుకుతారు. మన ఊళ్ళలో నుయ్యి నీళ్ళు వేసవిలో చల్లగా, చలికాలం తెల్లవారుజామున గోరువెచ్చగా ఉంటాయి గదా? నిజానికి ఆ నీటి వేడి పెద్దగా మారదు. మారేది బయటి గాలి. భూమి లోపలి నీరు ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే వేడిలో ఉంటుంది. పెన్సిల్వేనియా ఊటలలో అది సుమారు 10 డిగ్రీలు. ట్రౌట్‌కు సరిగ్గా అదే కావాలి.

కిలో బరువున్న తల్లిచేప ఒకటిన్నర వేలకు పైగా గుడ్లు పెడుతుంది. ఒక్కొక్క గుడ్డు ఇంచుమించు శనగగింజలో సగం ఉంటుంది. గుడ్లను తట్టలలో పరచి, పైనుంచి ఊటనీరు పారిస్తారు. కొన్నివారాలకు గుడ్డులో రెండు నల్లని చుక్కలు కనిపిస్తాయి. అవే పిల్ల కళ్ళు! ఆ దశకు ముందు గుడ్డును కదిపితే చచ్చిపోతుంది. కళ్ళు వచ్చాక దూరదేశం పంపినా తట్టుకుంటుంది.

గుడ్లోంచి వచ్చిన పిల్లకు పొట్ట కింద ఒక తిత్తి వేలాడుతూ ఉంటుంది. అది దాని సద్దిమూట. కొన్నివారాలు పిల్ల ఆ తిత్తిలోని ఆహారంతోనే బతుకుతుంది. అది కరిగిపోయాక పైకి ఈదివచ్చి తిండికి నోరు తెరుస్తుంది. ఇక అక్కడినుంచి సిమెంటు కాలవలలో, రోజూ మనుషులు చల్లే గుళికలు తింటూ ఏడాదిన్నర పెరుగుతుంది. గుళికలు చల్లే మనిషి నీడ పడితే చాలు, వేలాది చేపలు గుంపుగా నీటిపైకి ఎగురుతాయి. ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకోండి. దీనితో ముందుముందు పనిపడుతుంది.

రైలు, లారీ, విమానం

చేపలను వాగులకు చేర్చటం పెద్ద పని. తొలిరోజులలో పాలక్యాన్లలో నీళ్ళుపోసి, చేపలు వేసి, గుర్రపు బళ్ళ మీద తీసుకుపోయేవారు. 1881 నుంచి 1947 వరకు చేపల కోసమే కట్టిన రైలుపెట్టెలు అమెరికా అంతటా తిరిగాయి. అందులో సిబ్బంది రాత్రింబగళ్ళు చేపలకు కాపలా ఉండేవారు. ఇప్పుడు ప్రాణవాయువు గొట్టాలు అమర్చిన తొట్టెల లారీలు వచ్చాయి. లారీ వాగు పక్క ఆగగానే చుట్టుపక్కల జనం, బడిపిల్లలు బకెట్లు పట్టుకుని పరుగెత్తివస్తారు. బకెట్టెడు చేపలను పట్టుకుపోయి వాగు పొడుగునా అక్కడక్కడా వదులుతారు. అన్నీ ఒకేచోట పోస్తే తిండికీ చోటుకూ కొట్లాడుకుంటాయి మరి.

దారిలేని కొండసరస్సులకు విమానమే గతి. పశ్చిమాన యూటా రాష్ట్రంలో 1956 నుంచి ఇలా చేస్తున్నారు. విమానం సరస్సు మీద కిందుగా ఎగురుతూ, నీటితోపాటు చేపపిల్లలను జల్లుతుంది. అవి ఒకటి నుంచి మూడు అంగుళాల పిల్లలు. అంత తేలికగా ఉండటం వల్ల ఆకు రాలినట్టు మెల్లగా పడతాయి. దాదాపు అన్నీ బతుకుతాయి. పెద్ద చేపలను అలా వేస్తే నీటి దెబ్బకే చచ్చిపోతాయి.

గుడ్లు సముద్రాలు కూడా దాటాయి. 1864లో ఇంగ్లండునుంచి ఓడలో మంచుగది కట్టి, పెట్టెలలో తడి నాచు మధ్య ట్రౌట్ గుడ్లు సర్ది, మూడునెలల ప్రయాణం చేసి ఆస్ట్రేలియా దగ్గరి టాస్మేనియా దీవికి చేర్చారు. మంచు చలికి గుడ్ల ఎదుగుదల మందగించింది. అందుచేత అవి దారిలో పిల్లలు కాకుండా ఉన్నాయి. 1883లో జర్మనీనుంచి బ్రౌన్ ట్రౌట్ గుడ్లు అమెరికా చేరాయి. కాలిఫోర్నియానుంచి రెయిన్‌బో ట్రౌట్ తూర్పు రాష్ట్రాలకు వచ్చింది. ఆ విధంగా బ్రూక్ ట్రౌట్ ఇంటికి ఇద్దరు కొత్త చుట్టాలు వచ్చారు. చుట్టాలు వచ్చి వెళ్ళలేదు. అక్కడే కాపురం పెట్టారు. బ్రౌన్ ట్రౌట్ కొంచెం వెచ్చని నీటికి కూడా ఓర్చుకుంటుంది, పెద్దగా పెరుగుతుంది, మంచి చోటు ఆక్రమిస్తుంది. బ్రూక్ ట్రౌట్ చాలాచోట్ల కొండపైని సన్నని వాగులకు తప్పుకోవలసి వచ్చింది.

లెక్క తారుమారైంది

"వంద చేపలున్న వాగులో ఇంకొక వంద వదిలితే ఎన్ని ఉంటాయి?" అని లెక్కల మాస్టారు అడిగితే మీరు రెండువందలు అంటారు. అందరూ అలాగే అనుకున్నారు. కాని వాగు పలక కాదు.

అమెరికా వాయవ్యాన మోంటానా రాష్ట్రంలో చేపల శాఖలో డిక్ విన్సెంట్ అనే శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఆయన 1960ల చివర మాడిసన్ నదిలో చేపలను లెక్కపెట్టసాగాడు. పారే నదిలో చేపలను ఎలా లెక్కపెడతారంటారా? నీటిలోకి కొద్దిపాటి విద్యుత్తు పంపితే చేపలు క్షణకాలం మూర్ఛపోతాయి. వాటిని వలతో తీసి, రెక్క కొసను కొంచెం కత్తిరించి గుర్తుపెట్టి, మళ్ళీ వదులుతారు. ఇలా 100 చేపలకు గుర్తుపెట్టారనుకోండి. కొన్నాళ్ళకు మళ్ళీ 100 చేపలు పడితే అందులో 20కి గుర్తు కనిపించింది. అంటే నదిలోని చేపల్లో అయిదింట ఒకవంతుకు గుర్తు ఉన్నది. కాబట్టి మొత్తం చేపలు సుమారు 500! మీరు కూడా ఒక డబ్బాడు చింతగింజలతో ఈ లెక్క చేసి చూడవచ్చు.

విన్సెంట్ నదిలో ఒకభాగంలో హేచరీ చేపలు వదలటం మాన్పించాడు. ఓడెల్ అనే వాగులో అంతకుముందు వదిలేవారు కాదు. అక్కడ కొత్తగా వదిలించాడు. ఏమయింది? వదలటం మానిన చోట అడవి ట్రౌట్‌ల సంఖ్య కొద్ది సంవత్సరాల్లో రెండింతలు దాటింది. కొత్తగా వదిలిన ఓడెల్ వాగులో అడవి ట్రౌట్‌లు సుమారు సగానికి పడిపోయినాయి. కలపవలసిన చోట తీసివేత జరిగింది!

కారణం ఆలోచించండి. వాగులో పుట్టిన ట్రౌట్ ఒక రాతి చాటున చోటు చూసుకుని, ఒళ్ళు అలవకుండా నిలబడి, నీటిలో కొట్టుకువచ్చే పురుగులను పట్టుకుంటుంది. ఎవరి చోటు వారిది. మనిషి నీడ పడితే రాళ్ళ కిందికి పారిపోతుంది. సిమెంటు కాలవలో పెరిగిన చేపకు ఈ మర్యాదలు తెలియవు. అది గుంపుగా వచ్చిపడి అటూ ఇటూ తిరుగుతూ, అందరి చోట్లలోకీ జొరబడి, అడవి చేపలను నిలవనియ్యదు. తనకైనా సుఖం ఉన్నదా? నీడ కనిపిస్తే తిండి వచ్చిందనుకుని పైకి వస్తుంది. ఆ నీడ కొంగదో, గాలం వేసేవాడిదో అవుతుంది. అందుచేత వదిలిన చేపలలో ఏడాది తిరిగేదాకా బతికేవి చాలా తక్కువ.

హేచరీ వాళ్ళూ, చేపలు పట్టేవాళ్ళూ మొదట ఈ మాట నమ్మలేదు. చాలామందికి కోపం కూడా వచ్చింది. అయినా విన్సెంట్ తన లెక్క విడిచిపెట్టలేదు. 1974లో మోంటానా రాష్ట్రం అడవి ట్రౌట్ ఉన్న నదులలో హేచరీ చేపలు వదలటం మానివేసింది. ఆ నదులకు ఈనాటికీ దూరదేశాలనుంచి కూడా జనం చేపలు పట్టటానికి వస్తున్నారు.

పెన్సిల్వేనియాలో కూడా ఇటువంటి చిత్రం జరిగింది. స్ప్రింగ్ క్రీక్ అనే వాగులో విషపు రసాయనాలు కలిసినందువల్ల, 1980ల మొదట్లో ఆ చేపలు తినరాదని కట్టడి చేశారు. తినకూడని చోట చేపలు వదలటం దేనికని అదీ మానేశారు. చూస్తూ ఉండగానే ఆ వాగు దానంతట అదే పుట్టిన బ్రౌన్ ట్రౌట్‌లతో నిండిపోయింది. ఆపద వచ్చి పాఠం చెప్పిపోయింది.

మరొక నష్టం కాలిఫోర్నియాలో బయటపడింది. సియెర్రా నెవాడా కొండల మీది సరస్సులలో ఎన్నడూ చేపలుండేవి కావు. పసుపు కాళ్ళ కప్పలు ఉండేవి. అక్కడ ట్రౌట్ వదిలాక అవి తోకకప్పలను తినివేసి, కప్పల వంశాన్నే చాలా సరస్సులలో లేకుండా చేశాయి. తరవాత కొన్ని సరస్సులనుంచి ట్రౌట్‌ను వలలతో పూర్తిగా తీసివేస్తే కప్పలు మళ్ళీ పెరిగాయి.

మన దేశంలో

ట్రౌట్ మన దేశానికి కూడా వచ్చింది. 1860లలో ఫ్రాన్సిస్ డే అనే శాస్త్రజ్ఞుడు నీలగిరికి తేబోతే దారి ఎండకు ప్రయత్నం విఫలమైంది. 1900 ప్రాంతాలలో కాశ్మీరంలోనూ, తరవాత కొద్ది ఏళ్ళకు విల్సన్ అనే ఆయన పూనికతో నీలగిరి కొండల మీదా ట్రౌట్ నిలదొక్కుకున్నది. అప్పట్లో నీలగిరి, మన కోస్తా జిల్లాలు, రాయలసీమ అన్నీ మద్రాసు రాజధానిలోవే. అయినా మన చెరువులకు ఆ చేప రాలేదు. ఎందుకో ఇప్పుడు మీకు చెప్పనక్కరలేదు!

కాని నీళ్ళలో చేపలు వదిలే పని మనకూ ఉన్నది. బొచ్చె, శీలావతి, మోసు చేపలు చెరువులో బతుకుతాయిగాని అక్కడ గుడ్లు పెట్టవు. వాటికి వరద వచ్చే నది కావాలి. అందుచేత పూర్వం జాలరులు నదులలో పిల్లలను ఏరి తెచ్చి చెరువులలో వేసేవారు. 1957 జులై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురీ అనే శాస్త్రజ్ఞుడు, చేప మెదడు కింది గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి, కట్టిన నీటిలోనే ఈ జాతి చేపలచేత గుడ్లు పెట్టించాడు. అందుకే జులై 10ని మన దేశంలో చేపల రైతుల దినంగా జరుపుతున్నారు. 2016లో తెలంగాణ ప్రభుత్వం ఊరి చెరువులలో చేపపిల్లలను ఉచితంగా వదిలే పథకం మొదలుపెట్టింది. అవి ఊరి జాలరులకు కూడు పెట్టే చేపలు. ఇక్కడ వదలకపోతే చెరువులో ఆ చేపలుండవు. కాబట్టి వదలటం మంచిదా చెడ్డదా అంటే, ఎక్కడ, ఏ చేపను, ఎందుకు వదులుతున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది.

తీర్పు మీదే

ఇప్పుడు పెన్సిల్వేనియాకు తిరిగివద్దాం. ఒక పక్షం వాళ్ళు ఇలా అంటారు: "వేసవిలో వేడెక్కే వాగులో అడవి ట్రౌట్ ఎలాగూ బతకదు. అక్కడ వసంతంలో చేపలు వదిలితే ఎవరికి నష్టం? పట్నపు పిల్లవాడు కూడా వాగు ఒడ్డుకు వస్తాడు. వాగును ప్రేమించేవాడే రేపు దాన్ని కాపాడతాడు. లైసెన్సు డబ్బు లేకపోతే వాగులను బాగుచేసేదెలా?"

రెండో పక్షం వాళ్ళు ఇలా అంటారు: "చేపలు లారీలో వస్తున్నంతకాలం వాగు చెడిపోయిన సంగతి ఎవరికీ తెలియదు. జబ్బు మనిషికి బుగ్గలకు రంగు పూసి ఆరోగ్యంగా ఉన్నాడన్నట్టు ఉంటుంది. ఆ డబ్బుతో గట్ల మీద చెట్లు నాటండి, గనుల పుల్లనీటిని సున్నపురాయితో విరిచెయ్యండి, పనికిరాని పాత ఆనకట్టలు తీసివెయ్యండి. చేపలు వాటంతట అవే వస్తాయి."

రెండింటిలోనూ నిజం ఉన్నది. అందుకే పెన్సిల్వేనియాలో అడవి ట్రౌట్ బాగా ఉన్న మేలిరకం వాగులలో చాలావరకు చేపలు వదలరు. మిగిలిన చోట్ల వదులుతారు. ఐడహో అనే రాష్ట్రంలో, అడవి చేపలతో కలిసి పిల్లలు పెట్టకుండా గొడ్డు చేపలను తయారుచేసి వదులుతున్నారు. చాలా బడులలో పిల్లలు తరగతి గదిలోనే చల్లని నీటి తొట్టెలో గుడ్లు పొదిగించి, చలికాలమంతా పోషించి, వసంతంలో తామే తీసుకుపోయి వాగులో వదులుతారు. రోజూ నీటి వేడి, శుభ్రత చూసి పుస్తకంలో రాసుకుంటారు. చేపను పెంచబోయి నీటిని గురించి నేర్చుకుంటారన్నమాట.

మీకు ట్రౌట్ వాగు అందుబాటులో లేకపోవచ్చు. అయినా చూడదగ్గది మీ ఊళ్ళోనే ఉన్నది. ఈ వేసవిలో ఒకరోజు తెల్లవారుజామున అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని చెరువు గట్టుకు వెళ్ళండి. కొన్ని చెరువులలో ఆ వేళకు చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరిచి గుటకలు వేస్తూ ఉంటాయి. అవి ఆడుకోవటం లేదు. రాత్రంతా నీటిలోని నాచు, మొక్కలు కూడా ప్రాణవాయువును వాడుకున్నందువల్ల వాటికి ఊపిరి చాలటం లేదు. ఎండెక్కాక ఆ మొక్కలే తిరిగి ప్రాణవాయువును విడుస్తాయి. ఏ చెరువులో చేపలు ఇలా చేస్తున్నాయి, ఏ చెరువులో చెయ్యటం లేదు, గట్టున చెట్లు ఎక్కడ ఉన్నాయి, మురికి కాలవ ఎక్కడ కలుస్తున్నది అన్నీ ఒక పుస్తకంలో రాసుకోండి. ఆ తరవాత మీ చెరువుకు కొత్త చేపలు కావాలో, మంచి నీళ్ళు కావాలో మీరే చెప్పగలరు.